కళాశాల విద్యార్థి - ధర్మనిష్ఠ, పరస్పర సహాయం

రాయలసీమ పల్లెల నుండి కర్నూలుకో కడపకో చదువుకు వచ్చే ముస్లిం విద్యార్థికి ఇంటి ఆసరాలు ఒక్కసారిగా దూరమవుతాయి. ఫజర్‌కు లేపే తల్లి ఉండదు. జుహర్ వేళ తరగతి నడుస్తుంటుంది. గదిలో తోడున్నవాడు హిందువో క్రైస్తవుడో కావచ్చును. అతని సహాయం పొందవచ్చునా? అతనికి చేయవచ్చునా? ఈమాన్‌కు లోపం కలుగుతుందా? సమాధానం తెలియక కొందరు నమాజును, మరికొందరు స్నేహాన్ని వదలుకొంటారు.

దివ్య ఖుర్ఆన్‌లోని ముమ్తహినా సూరా 8వ ఆయత్ దీనిని స్పష్టం చేస్తున్నది. ధర్మం విషయంలో మీతో యుద్ధం చేయని, మిమ్మల్ని ఇండ్ల నుండి వెళ్ళగొట్టని వారిపట్ల మేలుతో, న్యాయంతో మెలగడాన్ని అల్లాహ్ నిషేధించలేదని దాని భావం. అక్కడి క్రియాపదం 'బిర్ర్' అనే మాటకు సంబంధించినది. దానిని 'దయ' అని అనువదిస్తే అర్థం కుంచించుకుపోతుంది. తల్లిదండ్రులపట్ల బిడ్డ చూపవలసిన సేవాభావానికి కూడా అరబ్బీలో అదే మాట. హజ్రత్ అస్మా (రజి) తల్లి బహుదైవారాధకురాలిగా ఉండగానే కూతురి వద్దకు వచ్చినపుడు, ఆమెతో బంధుత్వం నిలుపుకొమ్మని దైవప్రవక్త (సఅసం) అనుమతించిన సంగతి సహీహ్ బుఖారీలో ఉన్నది.

కనుక రెండింటిని వేరుగా గ్రహించాలి. ఇబాదత్ అల్లాహ్‌కు మాత్రమే. అందులో ఇచ్చిపుచ్చుకోవడాలు లేవు. ముఆమలాత్, అనగా మనుషులతో వ్యవహారం, అందరికీ చెందినది. జ్వరంలో ఉన్న తోటి విద్యార్థికి గంజి కాచి ఇవ్వడం, పరీక్షలో తప్పినవాని పక్కన కూర్చుని ఓదార్చడం ఈ రెండవ దానిలోనివి.

మన ప్రాంతంలో ఇది కొత్త కాదు. డాక్టర్ అబ్దుల్ హఖ్ 1947లో కర్నూలులో ఉస్మానియా కళాశాలను స్థాపించారు. 2016లో అక్కడే ఏర్పడిన ఉర్దూ విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టబడింది. మైనారిటీలు విద్యాసంస్థలు నెలకొల్పుకొనే హక్కును రాజ్యాంగం 30వ అధికరణం ఇచ్చింది. ప్రభుత్వ సహాయం పొందే సంస్థలో మతం కారణంగా ప్రవేశం నిరాకరించరాదని 29వ అధికరణం చెప్పింది. అటువంటి సంస్థలలో సమ్మతి లేనిదే ఎవరినీ మతబోధకు హాజరు కమ్మనరాదని 28వది చెప్పింది. కడపలోని అమీన్‌పీర్ దర్గాకు హిందువులు వస్తారు. ఉగాదినాడు కొందరు ముస్లిములు దేవుని కడప ఆలయానికి వెళతారు. ఈ ఆచారాలను ధార్మిక దృష్టితో ఉలమాలు ఎలా నిర్ణయించినా, జనుల మధ్య ఉన్న పాత చనువు వాటిలో కనిపిస్తుంది.

ఆచరణలో కావలసినవి చిన్నవే. చాంద్రమాన సంవత్సరం సుమారు 11 రోజులు తక్కువ కావడంచేత రమజాను ఋతువులన్నీ తిరిగి వస్తుంది. 2018, 2019లలో అది మే నెల ఎండలో పడింది. అటువంటపుడు సహరీకి లేపే స్నేహితుడు, అతడు ఏ మతస్థుడైనా, గొప్ప ఆసరా. అతడు అయ్యప్ప దీక్షలో ఉన్నప్పుడు గదిలోకి మాంసం తేకపోవడం మన వంతు.

ఒక హద్దు మాత్రం మరువరాదు. దుఃఖంలో ఉన్నవానికి చేసే సహాయాన్ని మతప్రచారానికి సాధనం చేయరాదు. అతడు చెప్పుకొన్న మాట అమానత్, దానిని బయటపెట్టరాదు. నిద్ర, తిండి మాని, బ్రతుకు మీద ఆశ వదలుకొన్నట్లు మాట్లాడేవానిని ఒంటరిగా విడువక, వెంటనే పెద్దలకు తెలిపి వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి. దుఆ చేయడం, వైద్యం చేయించడం ఒకదానికొకటి విరుద్ధం కావు. ఒక ప్రాణాన్ని నిలపడానికి తోడ్పడేవాని మతమేదని అడుగవలసిన పని లేదు.