ఇంగ్లీషు పెద్దమాటలు - వాని మూలధాతువులు



ధవళేశ్వరము మొదలుకొని సముద్రమువరకు గోదావరి నీటిని గూర్చి మాటలాడునపుడు మన వాడుకలో ఆరు ఇంగ్లీషు మాటలు తరచుగా వినబడుచుండును. ఆనికట్టు, బ్యారేజి, డెల్టా, కెనాలు, అక్విడక్టు, లాకు. ఇవన్నియు దొరలు వాడిన మాటలే. కాగితములపై ఇంగ్లీషు అక్షరములతో వ్రాయబడిన మాటలే. అయినను వీనిలో ఇంగ్లీషువారి సొంత యింటి మాట యొక్కటియే కలదు. అది లాకు. తక్కిన యైదును ఎరువు సొమ్ములు.

ఆనికట్టు మన ద్రావిడ కుటుంబపు మాట. తమిళుల అణైక్కట్టు, మన ఆనకట్ట ఒక్క జాతివే. ఆ తమిళపు మాటయే ఇంగ్లీషులో ప్రవేశించెను. 1847లో ఆర్థరు కాటను ధవళేశ్వరమువద్ద మొదలిడి 1852 నాటికి ముగించిన కట్టడమునకు దొరలు మన పేరే యుంచుకొనిరి. దాని స్థానమున 1970లో ప్రారంభమై 1982 నాటికి ముగిసిన కట్టడమునకు బ్యారేజి యని పేరు. ఇది ఫ్రెంచివారి మాట, అడ్డు కట్టుట యని భావము. డెల్టా యనునది గ్రీకు వర్ణమాలలో నాలుగవ యక్షరము. అది ముక్కోణముగా నుండును. నైలునది సముద్రమున గలియుచోటి నేల యా యాకారముననే యుండుటచే గ్రీకులు దాని కా యక్షరము పేరే పెట్టిరి. మన గోదావరి ముక్కోణమునకు ధవళేశ్వరము కొన, సముద్రతీరము ఆధారరేఖ. కెనాలు లాటిను మాట. అక్విడక్టును లాటినే: ఆక్వా యనగా నీరు, డక్టు అనగా నడిపించునది. పి. గన్నవరమువద్ద వైనతేయ పాయమీదుగా కాలువనీటిని దాటించు కట్టడమున కీ పేరు సరిగా నతుకును. ఇప్పుడున్న క్రొత్త యక్విడక్టునకు అన్నదాత డొక్కా సీతమ్మగారి పేరు పెట్టబడినది.

ఈ యారు మాటల కథను మీ యెదుట నుంచుటకు కారణము కలదు. నేడు ప్రతి గ్రామమునను పిల్లలు ఇంగ్లీషు పాఠములు చదువుచున్నారు. పెద్ద పెద్ద మాటలను అర్థము తెలియక వల్లించుచున్నారు. పరీక్ష ముగిసిన మరునాడే అవి మనసునుండి జారిపోవును. ఇంటిలోని పెద్దలు, ఇది మనకు రాని విద్య, మనమేమి చెప్పగలమని యూరకుందురు. అట్లూరకుండ నక్కరలేదని నా మనవి. ఇంగ్లీషులోని కఠినపదములను విప్పు తాళపుచెవి, అమరమును శబ్దమంజరిని చదివిన పెద్దల చేతిలో నిదివరకే యున్నది. దానిని తాళమున నుంచి త్రిప్పుటయే తరువాయి.

ఎట్లన, ఇంగ్లీషు నిర్మాణము మన తెలుగు నిర్మాణమువంటిదే. తెలుగున దేశ్యపదములు, తత్సమములు అని రెండంతస్తులు కలవు. నోటిలో నున్నది పన్ను. వైద్యుడు మాత్రము దంతవైద్యుడు. బావిలోనిది నీరు, అందు బ్రదుకునది జలచరము. ఇంటిపని దేశ్యముతోడను, శాస్త్రపుపని సంస్కృతముతోడను జరుపుకొనుట మన యలవాటు. 1858లో ప్రకటితమైన బాలవ్యాకరణమున చిన్నయసూరి తత్సమ, తద్భవ, దేశ్యములను వేరుపరచి చూపినాడు. అంతకు ముందే, 1816లో, క్యాంబెలు దొర తెలుగు వ్యాకరణమునకు చేర్చిన వ్యాసములో ఎల్లిసు దొర, తెలుగు సంస్కృతమునుండి పుట్టినది కాదనియు, దానినుండి మాటలను మాత్రము విరివిగా గైకొన్నదనియు నిరూపించెను.

ఇంగ్లీషు సంగతియు నట్టిదే. దాని పుట్టుక జర్మను కుటుంబమున. క్రీ.శ. 1066లో నార్మండీ ప్రభువైన విలియము ఇంగ్లండును జయించినపిమ్మట కొన్ని తరములవరకు రాజసభలయందును న్యాయస్థానములయందును ఫ్రెంచి చెల్లినది. ఫ్రెంచి లాటిను కడుపున బుట్టిన భాష. మఠములలోను విద్యాలయములలోను లాటినే యేలినది. పిమ్మట శాస్త్రములు పెరుగగా, క్రొత్త వస్తువులకు పండితులు గ్రీకు ముక్కలను అతికి పేర్లు పెట్టిరి. కావున ఇంగ్లీషువానికి పన్ను టూత్, పంటివైద్యుడు డెంటిస్టు. నీరు వాటర్, నీటిలో బ్రదుకునది అక్వాటిక్. దేశ్యము, తత్సమము అను భేదమే యిచటను గానవచ్చుచున్నది. మనకు సంస్కృత మెట్టిదో వారికి లాటిను గ్రీకు లట్టివి.

ఇక తాళపుచెవి త్రిప్పు విధము. సంస్కృతమున హృ ధాతువునుండి హారమను రూపము వచ్చును. దానికి ముందు ఉపసర్గలు చేర్చి చూడుడు: ఆహారము, విహారము, ప్రహారము, సంహారము, పరిహారము, ఉపహారము. ధాతువొక్కటి, ఉపసర్గ మారినకొలది అర్థము మారుచున్నది. ఇది పెద్దలకు చిన్ననాటి పాఠము. ఇదే పాఠమును లాటినుమీద నడపవచ్చును. పోర్టు అనగా మోయుట. ఇం అనగా లోనికి, ఎక్స్ అనగా వెలుపలికి, ట్రాన్స్ అనగా ఆవలికి. ఇంపోర్టు లోనికి మోసికొనివచ్చుట, అనగా దిగుమతి. ఎక్స్‌పోర్టు ఎగుమతి. ట్రాన్స్‌పోర్టు ఒకచోటినుండి మరియొకచోటికి చేర్చుట. రి అనగా వెనుకకు. కావున రిపోర్టు, చూచినదానిని వెనుకకు మోసికొనివచ్చి విన్నవించుట. స్పెక్టు అనగా చూచుట. ఇన్‌స్పెక్టరు లోనికి జొచ్చి చూచువాడు. అక్విడక్టులోని డక్టునే మరల దీసికొనిన యెడల, బస్సులోని కండక్టరు అందరిని కూడ నడిపించువాడగును. స్క్రిప్టు అనగా వ్రాత, ప్రి అనగా ముందు. కావున ప్రిస్క్రిప్షను, రోగి యేమి చేయవలెనో వైద్యుడు ముందుగా వ్రాసియిచ్చునది.

పది యుపసర్గలును ఇరువది ధాతువులును నేర్చినచో వందలకొలది మాటలు వానియంతట నవియే విడివడును. వంద మాటలను వేరువేరుగ వల్లించుటకంటె ఇది తేలిక, మరపును తక్కువ.

మరియొక సౌకర్యము కూడ కలదు. 1786లో కలకత్తాయందు విలియం జోన్సు, సంస్కృతము, గ్రీకు, లాటిను ఒక్క మూలమునుండి వచ్చిన తోబుట్టువులు కావలెనని ప్రకటించెను. తరువాతి పండితులు దానిని స్థిరపరచిరి. అందుచే లాటిను గ్రీకు ధాతువులలో పెక్కులు మన చెవికి ఎరిగిన ధ్వనినే వినిపించును. లాటిను పాటెర్ మన పితృ, మాటెర్ మన మాతృ, నోమెన్ మన నామము. డెంటిస్టులో దంతమున్నది. లాటిను ఇగ్నిస్ మన అగ్ని. మోటారుబండిలోని ఇగ్నిషను నిప్పు పుట్టించు చోటు. సెప్టెంబరులో సప్త, అక్టోబరులో అష్ట, నవంబరులో నవ, డిసెంబరులో దశ యున్నవి. పూర్వపు రోమనులకు సంవత్సరము మార్చితో మొదలగుటచే సెప్టెంబరు ఏడవ నెల యైనది.

మన శాస్త్రపదములు కల్పించిన పెద్దలు ఈ చుట్టరికమును చక్కగా వినియోగించుకొనిరి. హైడ్రోజనునకు తెలుగున ఉదజని యని పేరు. గ్రీకున హైడ్రో నీరు, జెన్ పుట్టించునది. సంస్కృతమున ఉదము నీరు, జని పుట్టుక. హైడ్రోకు ఉదము, జెన్‌కు జని, రెండింటికి రెండును చుట్టములే.

ఇప్పుడు ప్రాణముతో కూడిన సంగతి చెప్పెదను. పెద్దలు ఆసుపత్రికి పోయినపుడు గుమ్మములపైనను కాగితములపైనను కనబడునవి గ్రీకు మాటలు. కార్డియా గుండె, ఇది మన హృదయమునకు చుట్టము. నెఫ్రో మూత్రపిండము. న్యూరో నరము. గ్యాస్ట్రో జీర్ణకోశము. హెపటో కాలేయము. ఆర్థ్రో కీలు. ఆస్టియో ఎముక, ఇది మన అస్థియే. చివర లజీ యున్నచో శాస్త్రమని యెరుగునది. ఐటిస్ ఉన్నచో తాపముతో గూడిన వాపు: హెపటైటిస్ కాలేయపు వాపు, ఆర్థ్రైటిస్ కీళ్లవాపు. ఎక్టమీ యున్నచో కోసి తీసివేయుట. ఎమియా యున్నచో అది నెత్తురునకు సంబంధించినది. అనీమియాలో మొదటి అన్ మన అనంతములోని అన్ వంటిది, లేమిని తెలుపును. కాన అనీమియా నెత్తురు లేమి.

వీనిలో రెండు ముక్కలను మిక్కిలి జాగ్రత్తగా గుర్తుంచుకొనవలెను. అవి హైపర్, హైపో. ఒక్క ధ్వని తేడా; అర్థమున ఆకాశమునకు భూమికి నున్నంత దూరము. హైపర్ మన ఉపరికి చుట్టము: పైన, మితిమించి. హైపో మన ఉపకు చుట్టము: క్రింద, తక్కువగా. మనకు అధ్యక్షునకు క్రిందివాడు ఉపాధ్యక్షుడు గదా! గ్లైకు అనగా తీపి. హైపర్‌గ్లైసీమియా నెత్తురులో చక్కెర పెరుగుట, హైపోగ్లైసీమియా తగ్గుట. మధుమేహమునకు మందు పుచ్చుకొనువాడు చక్కెర తగ్గి చెమటలు పట్టి వణకుచున్నపుడు, మ్రింగగల స్థితిలో నున్నచో వెంటనే తీపి యియ్యవలెను; ఆలస్యమైన ప్రమాదము. చక్కెర పెరిగినవానికి ఆ తీపియే కీడు. ఫోనులో వైద్యుడు చెప్పిన మాటను ఇంటివారు తారుమారుగ వినిరేని యేమగునో మీరే యోచింపుడు. ఉపరి, ఉప అని తలచుకొన్నవారికి ఆ తడబాటు కలుగదు.

ఈ విద్యకు హద్దులును కలవు. వానిని దాచుట న్యాయము గాదు. మొదటిది, ఒకే ధ్వని రెండు మూలములనుండి రావచ్చును. లాటిను పెడ్ అనగా పాదము. సైకిలు పెడలు అట్లు వచ్చినది. గ్రీకు పైడ్ అనగా బిడ్డ. పీడియాట్రిక్స్ శిశువైద్యము, పాదవైద్యము గాదు. ఆర్థోపీడిక్స్ అను మాటలోను బిడ్డయే యున్నాడు. ఆర్థో యనగా సరియైన, తిన్ననైన. 1741లో అంద్రీ యను ఫ్రెంచి వైద్యుడు పిల్లల వంకరలను సరిచేయు విద్యకు ఆ పేరు పెట్టెను. నేడు మోకాళ్లు నొచ్చిన తాతలును ఆ గుమ్మము నెదుటనే కూర్చుందురు.

రెండవది, మాట పుట్టినపుడున్న యర్థము తరువాత నిలువకపోవచ్చును. పంకమున బుట్టినదెల్ల పంకజము కాదు, తామరయే పంకజము. దీనిని మనవారు యోగరూఢమనిరి. మాన్యుఫాక్చరు అనగా చేతితో చేయుట. నేడు యంత్రములు చేయుపనికే ఆ మాట చెల్లుచున్నది. ఆక్సిజను అనగా పులుపును పుట్టించునది. ఆమ్లములన్నిటికిని ఆ వాయువే కారణమని లవాజియే పండితుడు 18వ శతాబ్దిలో తలచి యట్లు పేరు పెట్టెను. ఆ తలంపు తప్పని పిమ్మట తేలినది. పేరు మాత్రము నిలిచినది, మన ఆమ్లజనియు దానిని వెంబడించినది. మూడవది, ఇంగ్లీషు మాట యెల్ల లాటినో గ్రీకో యని భ్రమపడరాదు. ఆనికట్టులో లాటిను వెదకువానికి దొరకునదేమియు లేదు. దాని యర్థము కాలువగట్టున నున్న రైతును అడుగవలెను. కావున ధాతువు ఊహను మాత్రమే యిచ్చును, తీర్పు నిఘంటువుది.

సాధన యెట్లు చేయవలెనన్నచో, చిన్న పుస్తక మొకటి కుట్టి మీ మనుమల చేత బెట్టుడు. దినమున కొక ధాతువు వ్రాయింపుడు. దాని క్రింద ఆ ధాతువుగల మాటలు నాలుగైదు పాఠ్యపుస్తకమునుండి వానిచేతనే వెదకింపుడు. ప్రతి మాటను ఉపసర్గ, ధాతువు, ప్రత్యయము అని గీతలతో విడదీయింపుడు. ముందు అర్థము నూహింపనిచ్చి, పిమ్మట నిఘంటువు తెరవనిండు. ఊహ తప్పినచో కోపింపక, ఎచట తప్పినదో యడుగుడు. తప్పిన మాటయే యెక్కువకాలము జ్ఞాపకముండును. ఇంగ్లీషు ఉచ్చారణ వాడు మీకు చెప్పును. ఆహార విహార సంహారముల తేడా మీరు వానికి చెప్పుడు. అటు లాటినును ఇటు సంస్కృతమును ఒక్క యరుగుమీద కలిసినపుడు పిల్లవానికి రెండు భాషలును దగ్గరపడును. వాని చదువులో పెద్దలకును పాలు కలుగును.

ధవళేశ్వరమున కాటను పేర నొక ప్రదర్శనశాల కలదు. సెలవుదినమున పిల్లలను అచటికి తీసికొనిపొండు. బ్యారేజిని, కాలువను, లాకులను చూపి, ఏ మాట యే దేశమునుండి వచ్చినదో వానినే చెప్పుమనుడు. ఆనికట్టు దగ్గరకు వచ్చినపుడు మాత్రము, ఇది మన మాటయే నాయనా యని మీరు చెప్పుడు.