ముంజికాయల బండి, గుడివాడ రైలు

వేసవిలో దివిసీమ పిల్లలకు ముంజెలు తినడంతో పని సగమే అయినట్టు. తోడేసిన రెండు కాయల్ని జానెడు పుల్లకు చెరోవైపు గుచ్చి, పొడవాటి పంగలకర్రను ఆ పుల్లకు ఆనించి తోస్తే బండి తయారు.

పుల్ల సరిగ్గా నడిమధ్యన దిగకపోతే బండి గెంతుతూ పోతుంది. ఒక కాయ పెద్దది, రెండోది చిన్నది అయ్యాయా, ఎంత తిన్నగా తోసినా చిన్నకాయ వైపే మళ్లుతుంది. ఒక్క చుట్టుకు పెద్దకాయ ఎక్కువ దూరం పోతుంది మరి! చుట్టుకొలత అంటే ఏమిటో బడికన్నా ముందు చేతికి తెలుస్తుంది.

చిక్కంతా మలుపులో. ఎడ్లబండికి ఇరుసు కదలదు, చక్రాలు దేనికది తిరుగుతాయి. బయటి చక్రం నాలుగు చుట్లు ఎక్కువ తిరిగినా పేచీ లేదు. మన బండిలో కాయలు పుల్లకు బిగిసి ఉంటే రెండూ ఒక్కలాగే తిరగాలి. అందుకే మలుపులో ఏదో ఒకటి నేలను రాసుకుంటూ పోతుంది.

రైలు చక్రాలూ ఇరుసుకు బిగించినవే. మరి విజయవాడ, భీమవరం, మచిలీపట్నం దారులు కలిసే గుడివాడ జంక్షన్‌లో రైళ్లు ఎలా మలుపు తిరుగుతున్నాయి? చక్రం అంచే పట్టాను పట్టుకుని నడిపిస్తుందని చాలామంది అనుకుంటారు. మామూలు వంపుల్లో అది కాపలాదారు మాత్రమే. అసలు కిటుకు చక్రం ఏటవాలులో ఉంది: లోపలివైపు లావు, బయటికి పోనుపోను సన్నం. వంపులో చక్రాల జత కాస్త బయటికి జరుగుతుంది. అప్పుడు బయటి చక్రం లావు భాగం మీద, లోపలిది సన్నభాగం మీద దొర్లుతాయి. పెద్దకాయ, చిన్నకాయ సంగతే ఇది. కాకపోతే ఇక్కడ కావాలని చేసింది.

అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబులతో బొమ్మలు చేయించిన ఐఐటీ కాన్పూర్ ఇంజనీరు అరవింద్ గుప్తాకు 2018లో పద్మశ్రీ వచ్చింది. పారేసే వస్తువులే ఆయన ముడిసరుకు. ముంజెలు లేని నెలల్లో రైలు చక్రం కిటుకు చూడటానికి మనకు టీ కొట్టు దగ్గరి పేపర్ గ్లాసులు చాలు. రెండింటి మూతులు కలిపి అంటించండి. రెండు వెదురు బద్దల్ని పట్టాల్లా పక్కపక్కన పరిచి, ఒక కొస కింద పుస్తకం పెట్టి, పైనుంచి వదలండి. కాస్త పక్కకు జరిగినా తనే సర్దుకుని నడిమికి వస్తుంది.

ఇప్పుడు అడుగులు కలిపి, మూతులు బయటికి ఉండేలా అంటించి వదలండి. ఏం జరుగుతుందో ముందు పిల్లల్నే చెప్పమనండి. ఈసారి ఎటు కాస్త జరిగితే అటే ఇంకా జరిగి, కింద పడుతుంది.