సెల్లు పట్టింది సరే... పనికొస్తుందా?

సాయంత్రం ఏడయింది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. ఉన్నట్టుండి కరెంటు పోయింది. "ఒరేయ్, ఆ టార్చిలైటు ఇలా అందుకో" అంటే పిల్లాడు తెచ్చి నొక్కుతాడు, విదిలిస్తాడు, అరచేత్తో రెండు చరుస్తాడు... ఊహూఁ! మూత విప్పి చూస్తే సెల్లులు కారిపోయి స్ప్రింగు చుట్టూ తెల్లటి పొడి. ఏ ఇంట్లో జరగలేదు చెప్పండి!

ఫోన్లో లైటుందిగా అంటారేమో. ఆ మాట మా అత్తయ్యతో అని చూడండి. తెల్లవారుజామున నాలుగింటికి ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో మూడు సెల్లుల టార్చి పట్టుకుని పెరటి వెనకున్న గొడ్లచావిడికి వెళ్తుందావిడ. వానాకాలం కట్లపాములు తిరిగేదీ రాత్రిపూటే. ఆ టార్చి వెలగాలి, అంతే.

"నెల నెలా సెల్లులు కొనడమెందుకత్తయ్యా, ఛార్జింగు పెట్టుకునేవి తెస్తా" అని గొప్పగా చెప్పి తెచ్చింది నేనే. ఆ టార్చిలో పట్టేవి లావు సెల్లులు. వాటిని 'డి' సైజంటారు. ఛార్జింగువి ఆ సైజులో దొరకడం కాస్త కష్టం. అందుకని పెన్సిల్ సెల్లులు, వాటిని లావుగా చేసే ప్లాస్టిక్ గొట్టాలు కొన్నాను. వేస్తే చక్కగా సరిపోయాయి.

వెలిగించగానే అత్తయ్య ముఖం చిట్లించింది. "ఇదేంటమ్మాయ్, గుడ్డిదీపంలా ఉంది?"

ఆవిడ మాట నిజమే. మామూలు సెల్లు ఒక్కోటి 1.5 వోల్టులు. మూడు కలిస్తే 4.5. నికెల్ మెటల్ హైడ్రైడ్ అనే ఛార్జింగు సెల్లు ఒక్కోటి 1.2 వోల్టులే. మూడూ కలిపినా 3.6. పాతకాలపు ఫిలమెంటు బల్బుకి ఆ తేడా బాగా తెలుస్తుంది. అయితే మామూలు సెల్లు కొత్తలో ధగధగా వెలిగి రోజురోజుకీ నీరసపడిపోతుంది. ఛార్జింగుది అలా కాదు, మొదటిరోజు ఎలా ఉందో దాదాపు చివరిదాకా అలాగే ఉంటుంది.

చిక్కంతా ఆ 'చివర' దగ్గరే. తొమ్మిదో రోజు తెల్లవారుజామున ఇంటికీ చావిడికీ సరిగ్గా మధ్యలో టార్చి కొడిగట్టి ఆరిపోయింది. అడుగు తీసి అడుగు వెయ్యకుండా అక్కడే నిలబడి మావయ్యను కేకేసిందట. పొద్దున్నే ఫోను. "నువ్విచ్చిన సెల్లులు చెప్పాపెట్టకుండా చచ్చిపోతాయే!"

నాకు గుండె గుభేలుమంది. మామూలు సెల్లయితే మెల్లగా మసకబారుతూ ముందే కబురు పెడుతుంది. ఇవి పెట్టవు. ఆ సంగతి నాకు అమ్మినవాళ్లు చెప్పలేదు, నేనూ అడగలేదు.

తప్పు దిద్దుకోవడానికి రెండు పనులు చేశాను. పాత బల్బు తీసి, 3 నుంచి 4.5 వోల్టుల మధ్య దేనికైనా వెలిగే ఎల్ఈడీ బల్బు వేయించాను. రెండోది, సెల్లులు రెండు సెట్లు కొన్నాను. ఈసారి 'లో సెల్ఫ్ డిశ్చార్జ్' రకం. పాతరకం ఛార్జింగు సెల్లులు వాడకుండా డ్రాయరులో పెట్టినా కొద్ది నెలల్లో ఖాళీ అయిపోతాయి. 2005లో సాన్యో కంపెనీ ఎనెలూప్ పేరుతో తెచ్చిన రకం వచ్చాక ఆ బాధ చాలావరకు తగ్గింది. ఏడాది పక్కన పెట్టినా అందులో చాలా భాగం మిగిలే ఉంటుంది. ఎప్పుడో ఒకసారి వాడే టార్చికి ఇలాంటివే మేలు.

లావు సైజు ఛార్జింగు సెల్లులు నేరుగా కొంటే మాత్రం చేత్తో తూచి చూడండి. అసలైనది నూట యాభై గ్రాముల పైనే ఉంటుంది. తేలిగ్గా ఉందంటే లోపల పెన్సిల్ సెల్లు పెట్టి పైన డబ్బా తొడిగారన్నమాట. ఆ మాత్రానికి లావు సెల్లు ధర ఎందుకివ్వాలి?

సైజొకటే, సంగతి వేరు

అత్తయ్య కథ ఇంతటితో తేలిపోయింది. మా మరిదిగారబ్బాయి చేసింది వింటే మీకూ భయమేస్తుంది. ఇంటర్ చదువుతున్నాడు, అన్నీ తెలుసనుకునే వయసు. రెండు పెన్సిల్ సెల్లుల టార్చిలోకి "పిన్నీ, ఇవి పవర్‌ఫుల్" అంటూ లిథియం సెల్లులు రెండు తెచ్చి బిగించాడు. నొక్కగానే గదంతా మెరుపు మెరిసినట్టయింది. మరుక్షణం చీకటి, కాలిన వాసన.

వాడు తెచ్చినవాటి మీద 14500 అని ఉంది. అంటే 14 మిల్లీమీటర్ల లావు, 50 మిల్లీమీటర్ల పొడుగు. చివరి సున్నా గుండ్రటి గొట్టం ఆకారానికి గుర్తు. అచ్చం పెన్సిల్ సెల్లు కొలతే! కానీ వోల్టులు 1.5 కాదు, 3.7. నిండుగా ఛార్జయితే 4.2. మూడు వోల్టులకు తయారైన టార్చిలోకి ఎనిమిదికి పైగా వోల్టులు వెళ్తే ఏమవుతుంది? మా అదృష్టం, బల్బుతో పోయింది. అవే సెల్లులు చంటిపిల్లల బొమ్మలోకో, గోడగడియారంలోకో వెళ్లుంటే? అందుకే ఇలాంటివి ఇంట్లో ఉంటే రిమోట్ సెల్లులు పడేసే డ్రాయరులో ఉంచకండి. విడిగా ప్లాస్టిక్ డబ్బాలో, పిల్లలకందకుండా ఉంచండి.

టార్చితో వచ్చిన కాగితం మనం చదవం, పారేస్తాం. కానీ 'ఏ సెల్లు వెయ్యాలి' అన్నది అందులోనే ఉంటుంది. కొన్ని టార్చిలు రెండు రకాలకీ పనికొస్తాయి, ఆ మాట రాసే ఉంటుంది. రాయకపోతే పనికిరాదనే అనుకోండి.

ఈ మధ్య వచ్చే దూరం కొట్టే టార్చిల్లో ఎక్కువగా 18650 సెల్లుంటుంది. పెన్సిల్ సెల్లు కన్నా లావు, పొడుగు. ఇందులోనూ ఒక మెలిక ఉంది. అతిగా ఛార్జవకుండా, షార్టవకుండా చిన్న సర్క్యూటు పెట్టినవి కొన్ని, అది లేనివి కొన్ని. ఉన్నదాన్ని 'ప్రొటెక్టెడ్' అంటారు. ఇంటికి అదే మంచిది. కాకపోతే మూడు నాలుగు మిల్లీమీటర్లు పొడుగెక్కువ. ఇరుకు టార్చిలో మూత బిగుసుకోదు. పై కొన బొడిపెగా ఉందా, చదునుగా ఉందా అన్నదీ చూడాలి. చదును కొన కొన్ని టార్చిల్లో అసలు తగలనే తగలదు. పాత సెల్లు చేత్తో పట్టుకుని కొట్టుకెళ్లడం ఉత్తమం.

ఇక అంకెల మాయ! 18650 మీద 9900 ఎంఏహెచ్ అని రాసుంటే నవ్వి కింద పెట్టేయండి. ఇప్పటి మంచి కంపెనీల సెల్లులే 3500 దగ్గర ఆగుతాయి. అసలుది సుమారు 45 గ్రాముల బరువుంటుంది. ఐఎస్ 16046 అనీ, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరూ ఉన్నాయేమో చూడండి.

ఛార్జరు విషయంలో మొహమాటం వద్దు. నికెల్ సెల్లుది నికెల్‌కే, లిథియందిదే లిథియానికి. పక్కింటావిడ అడిగిందని మార్చి పెడితే సెల్లు వేడెక్కి పగలొచ్చు. లిథియం సెల్లు ఛార్జింగులో పెట్టి నిద్రపోవద్దు. పైనున్న పల్చటి తొడుగు చిరిగినా, సెల్లు సొట్టపోయినా వాడకండి. తాళంచేతులు, చిల్లర ఉన్న హ్యాండ్‌బ్యాగులో విడి సెల్లు వేసుకెళ్లడమూ ప్రమాదమే. రెండు కొనలకూ లోహం తగిలిందంటే నిప్పే. అలాగే పాతదీ కొత్తదీ, ఈ కంపెనీదీ ఆ కంపెనీదీ కలిపి ఒకే టార్చిలో వెయ్యకండి. ముందు ఖాళీ అయినదాన్ని మిగతావి ఎదురు తోస్తాయి. నికెల్‌ది పాడవుతుంది, లిథియందైతే పేలిపోవచ్చు.

నేరుగా గోడ ప్లగ్గులో గుచ్చే టార్చిలు మన ఊళ్లలో ఎక్కువ. వాటిలో చాలావాటి లోపల ఉండేది చిన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ. ఖాళీగా మూలన పడేస్తే చచ్చి ఊరుకుంటుంది. నెలకో, రెండు నెలలకో ఓసారి వాడకపోయినా ఛార్జి చెయ్యాలి.

పనైపోయిన సెల్లులు చెత్తబుట్టలో వెయ్యకండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదార్లదే. లిథియం సెల్లు కొనలకు టేపు అంటించి మరీ ఇవ్వండి.

మొన్న ఊరెళ్లినప్పుడు చూశాను. అత్తయ్య ఒక సెట్టు మూడింటికీ ఎర్ర నెయిల్‌పాలిష్ చుక్కలు పెట్టుకుంది, రెండోది ఉత్తది. ప్రతి ఆదివారం ఆరినా ఆరకపోయినా సెట్టు మార్చేస్తుంది. "ఈ వారం ఎర్రవి" అంటూ క్యాలెండరు మీద గీత కూడానూ! చావిడి దోవలో మాత్రం కర్ర తప్పుతూ ముందు నేలను తట్టుకుంటూనే వెళ్తోంది.