ఇప్పుడేమనిపించింది?

మాంట్రియల్‌లో యూనివర్సిటీ వీధి వెంట కొండవైపు నడుస్తుంటే నాలుగడుగులకోసారి ఆగాలనిపిస్తుంది. వీధంతా ఏటవాలు. పైన మౌంట్ రాయల్ కొండ. నేను వెళ్లింది అక్టోబరు కావడంతో మేపుల్ చెట్లన్నీ ఎర్రబారి ఉన్నాయి. వీధికి ఒకపక్క పాత రాయల్ విక్టోరియా ఆసుపత్రి. 2015లో ఆ ఆసుపత్రి ఊళ్లో మరోచోటికి తరలిపోయింది, బురుజుల కట్టడం మాత్రం మిగిలింది. దానికి ఎదురుగా బూడిదరంగు రాతిగోడల భవనం. రెండింటినీ కలుపుతూ వీధి మీదుగా ఒక వంతెన. పక్కనే మెక్‌గిల్ విశ్వవిద్యాలయంవారి ఫుట్‌బాల్ మైదానం. ఆ రాతి భవనం పేరు మాంట్రియల్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్. ఊళ్లోవాళ్లు పొట్టిగా ‘న్యూరో’ అంటారు.

లోపలికి అడుగుపెట్టగానే హాల్లో ఒక పాలరాతి స్త్రీ కనిపిస్తుంది. తల మీది ముసుగును రెండు చేతులతో పైకి ఎత్తుతూ ఉంటుంది. శాస్త్రం ఎదుట ప్రకృతి తన ముసుగు తీస్తోందని ఆ శిల్పానికి అర్థం. మొదట దీన్ని చెక్కినవాడు బారియాస్ అనే ఫ్రెంచి శిల్పి, ఇక్కడున్నది దానికి నకలు. ఆమె ముందు నిలబడి నేను మా చిన్నపిన్నిని తలుచుకున్నాను.

చిత్తూరు జిల్లాలో మా ఊరు. పిన్నికి పదకొండో ఏటి నుంచి ఫిట్స్. వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు పరుగెత్తుకొచ్చి తాళంచెవుల గుత్తి ఆమె గుప్పిట్లో కుక్కేవారు. మరొకరు ఉల్లిపాయ చితక్కొట్టి ముక్కు దగ్గర పెట్టేవారు. పళ్ల మధ్య చెంచా దూర్చి పన్ను విరగ్గొట్టిన సందర్భం కూడా ఉంది. నిజానికి ఇవేవీ పనికిరావు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టి, ఎంతసేపు వచ్చిందో గడియారం చూసుకోవడం తప్ప ఆ క్షణంలో మనం చేయగలిగింది లేదు. అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, అంతే. కానీ ఇన్నేళ్లకూ నా మనసులోంచి పోనిది తాళంచెవుల సంగతి కాదు. తెలివి వచ్చాక పిన్ని చుట్టూ చేరి కళ్లెలా తేలేసిందో, చేతులెలా కొట్టుకున్నాయో అందరూ ఆమెకే వర్ణించి చెప్పేవారు. ఆమెకు లోపల ఏమయిందని అడిగినవాళ్లు లేరు. చూపించిన డాక్టర్లు కూడా ప్రశ్నలన్నీ మా తాతనే అడిగేవారు.

లోపల ఏమయిందని రోగినే అడగడం వైద్యంగా పెట్టుకున్న చోటు ఈ న్యూరో. దీన్ని కట్టించిన వైల్డర్ పెన్‌ఫీల్డ్ కథ అందుకే చెప్పాలి.

పెన్‌ఫీల్డ్ పుట్టుకతో కెనడావాడు కాదు. 1891 జనవరి 26న అమెరికా పడమటి ప్రాంతంలోని స్పోకేన్‌లో పుట్టాడు. తండ్రీ డాక్టరే. ఆయన ప్రాక్టీసు దెబ్బతిన్నది. ఎనిమిదేళ్ల వైల్డర్‌నూ మిగతా పిల్లలనూ వెంటబెట్టుకుని తల్లి విస్కాన్సిన్‌లోని తన పుట్టింటి ఊరికి చేరింది. ప్రిన్స్‌టన్‌లో చదువుతూ అతను ఫుట్‌బాల్ ఆడాడు, ఆ తరువాత కోచ్‌గా పనిచేసి ఫీజులకు డబ్బు కూడబెట్టుకున్నాడు. రోడ్స్ స్కాలర్‌షిప్ మీద ఆక్స్‌ఫర్డ్ వెళ్లాడు. నాడుల పని తీరును విడమరిచి చెప్పిన షెరింగ్టన్ అక్కడ గురువు. వైద్యలోకం నెత్తిన పెట్టుకున్న విలియం ఆస్లర్ కూడా అక్కడే ఉండేవాడు.

1916 మార్చి 24న అతను సస్సెక్స్ అనే ఓడలో ఇంగ్లిష్ చానెల్ దాటుతుండగా జర్మన్ టార్పెడో తగిలింది. ఓడ ముందు భాగం ఎగిరిపోయింది. కాలు చితికిన ఆ కుర్రవాణ్ణి ఆస్లర్ దంపతులు తమ ఇంట్లో పెట్టుకుని కోలుకునేదాకా చూసుకున్నారు. మంచం మీద పడి ఉండటం ఎలా ఉంటుందో డాక్టరు కాకముందే అతనికి అనుభవమయింది.

జాన్స్ హాప్‌కిన్స్‌లో 1918లో డాక్టరు పట్టా. తరువాత న్యూయార్క్‌లో మెదడు ఆపరేషన్లు. ఆపరేషన్ చేస్తున్నాను సరే, నేను కోస్తున్నదేమిటో నాకు తెలుసా అన్న ప్రశ్న అతన్ని కూర్చోనివ్వలేదు. 1924లో మాడ్రిడ్ వెళ్లి దెల్ రియో ఒర్తేగా దగ్గర మెదడు కణాలకు రంగు పట్టించి చూడటం నేర్చుకున్నాడు. 1928లో అప్పటి జర్మనీలోని బ్రెస్లావ్ వెళ్లాడు. అక్కడ ఫోర్‌స్టర్ అనే నరాల వైద్యుడు యుద్ధంలో తలకు గాయమై ఫిట్స్ పట్టుకున్న సైనికులకు మెలకువలోనే ఉంచి ఆపరేషన్ చేస్తున్నాడు. గాయం మానిన చోట మెదడు మీద మచ్చ ఏర్పడుతుంది. ఫిట్స్ అక్కడి నుంచి లేస్తాయి. ఆ మచ్చను తీసేస్తే ఫిట్స్ ఆగే అవకాశముంది. అదే ఏడాది పెన్‌ఫీల్డ్ సహచరుడు విలియం కోన్‌తో కలిసి మాంట్రియల్ చేరి, వీధికి అవతలనున్న రాయల్ విక్టోరియాలో పని మొదలుపెట్టాడు.

ఆ డిసెంబరులోనే అతని అక్క రూత్ వచ్చింది. 43 ఏళ్లు, ఆరుగురు పిల్లల తల్లి. ఏళ్ల తరబడి తలనొప్పులు, ఫిట్స్. పరీక్షిస్తే నుదుటి వెనక కుడివైపు పెద్ద కణితి ఉందని తేలింది. ఇంకెవరికైనా అప్పగిస్తే బాగుండేదని అనిపిస్తుంది మనకు. ఆ రోజుల్లో అంత ఆపరేషన్ చేయగలవాళ్లు చాలా కొద్దిమంది. పెన్‌ఫీల్డ్ తనే చేశాడు. మెదడు ముందుభాగంలో కుడివైపు చాలావరకు తీయాల్సి వచ్చింది. అయినా కణితి మొత్తం రాలేదు, కొంత లోపలే మిగిలిపోయింది. ఆ సంగతి తెలిసే తమ్ముడు కుట్లు వేశాడు.

రూత్ ఇంటికి వెళ్లింది. నవ్వింది, పిల్లలతో మాట్లాడింది. చూసినవాళ్లకు పూర్తిగా బాగయినట్టే అనిపించింది. ఆపరేషన్ అయిన ఏడాది దాటాక ఒక సాయంత్రం జరిగింది పెన్‌ఫీల్డ్ తరువాత రాసిపెట్టాడు. ఇంటివాళ్లు నలుగురికి, ఒక అతిథికి ఆమె రాత్రి భోజనం వండాలి. పెద్ద వంట కాదు. రోజంతా తీరికే. ఇష్టంగా ఎదురుచూసిన పని. భోజనాల వేళకు వంటింట్లో ఆమె ఒంటరిగా నిలబడి ఉంది. సరుకులన్నీ బల్ల మీదున్నాయి. పొయ్యి మీద ఒకటో రెండో ఉడుకుతున్నాయి. పచ్చికూరల ముక్కలు కాలేదు, మాంసం ఇంకా మొదలే పెట్టలేదు. ఏది ముందు, ఏది వెనక అన్నది తేల్చుకోలేక ఆమె అలసిపోయి, కలవరపడిపోయి ఉంది. పక్కన ఎవరైనా ఉండి ఇది చెయ్, అది చెయ్ అంటే చక్కగా చేసేయగలదు.

జోసెఫ్ ఎవాన్స్‌తో కలిసి 1935లో రాసిన పరిశోధన వ్యాసంలో ఇది ఉంది. మెదడు ముందుభాగం చేసే పని ఏమిటని వైద్య విద్యార్థులకు చెప్పేటప్పుడు ఈ వంటిల్లు ఇప్పటికీ ప్రస్తావనకు వస్తుంది. మన ఇళ్లలో ఆడమనిషి వంట ఆలస్యమైతే ఏమంటామో నాకు తెలుసు. అక్క కుంచించుకుపోయి నిలబడిన ఆ పొయ్యి దగ్గర తమ్ముడు ఆమె పోగొట్టుకున్నదేమిటో చూశాడు, తన కత్తి తీసుకుపోయినదేమిటో దాచకుండా రాశాడు. రూత్ 1931లో చనిపోయింది.

అక్క లాంటివాళ్ల కోసం నరాల డాక్టరు, సర్జన్, ప్రయోగశాలలో పనిచేసే శాస్త్రవేత్త ఒకే కప్పు కింద ఉండాలన్నది అతని పట్టుదల. రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ 12 లక్షల డాలర్లకు పైగా ఇచ్చింది. ఏటేటా ఖర్చులకు రాష్ట్ర ప్రభుత్వం, నగరం సాయపడ్డాయి. 1934 సెప్టెంబరు 27న న్యూరో తలుపులు తెరుచుకున్నాయి. నాలుగేళ్లు తిరక్కముందే మెదడు తరంగాలను కాగితం మీద గీసే ఈఈజీ నిపుణుడు హెర్బర్ట్ జాస్పర్ వచ్చి చేరాడు.

ఇక్కడి ఆపరేషన్ గది గురించి కొంచెం నెమ్మదిగా చెబుతాను. రోగిని పక్కకు ఒరిగించి పడుకోబెడతారు. ముఖం గుడ్డలతో కప్పరు. తల చర్మానికి మాత్రమే మత్తు. పుర్రె ఎముకను కిటికీ తలుపులా తెరుస్తారు. మెదడుకు నొప్పి తెలియదు కాబట్టి మనిషి మెలకువగానే ఉంటాడు, మాట్లాడుతూ ఉంటాడు. పెన్‌ఫీల్డ్ సన్నటి తీగ కొసతో, చాలా తక్కువ కరెంటుతో మెదడు మీద ఒకచోట తాకుతాడు. ‘ఇప్పుడేమనిపించింది?’ అంటాడు. బొటనవేలు తిమ్మిరెక్కింది, నాలుక లాగింది, పేరు నోటికి రావడంలేదు... ఏదయినా సరే. జవాబు వచ్చిన చోట అంకె వేసిన చిన్న కాగితం ముక్క పెడతారు. అద్దం అవతల కూర్చున్న సెక్రటరీ రోగి అన్న మాటను అన్నట్టే రాసుకుంటుంది. కొన్నిసార్లు తాకకుండానే తాకానంటాడు. రోగి ‘ఏమీ లేదండీ’ అంటే ఆ మనిషి మాటను మరింత నమ్మవచ్చు. మాటా, చేతి కదలికా ఎక్కడ నుంచి వస్తున్నాయో తెలిస్తే ఆ భాగాన్ని వదిలేసి ఫిట్స్ పుట్టే చోటును మాత్రం తీయవచ్చు. అంటే సర్జన్ చేతిలోని పటం రోగి నోటితో గీసినది. అరచేతులూ పెదాలూ గంపంతవి, నడుము పుల్లంతది అయిన వింత మనిషి బొమ్మ వైద్య పుస్తకాల్లో కనిపిస్తుంది. అది కూడా ఇక్కడి రోగుల జవాబులు కూడబెట్టి 1937లో మొదటిసారి వేసిందే.

కణత వెనక భాగాన్ని తాకినప్పుడు కొందరు చెప్పినవి విని పెన్‌ఫీల్డ్ నిశ్చేష్టుడయ్యాడు. ఒకామెకు పాట వినిపించింది. గదిలో ఎక్కడో గ్రామఫోను పెట్టారని ఆమె గట్టి నమ్మకం. అదే చోట మళ్లీ తాకితే మళ్లీ అదే పాట. ఆమె కూనిరాగం తీసి వినిపించింది కూడా. దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన ఒక యువకుడు తమ పొలంలో చుట్టాల పిల్లలతో కలిసి నవ్వుతున్నట్టు ఉందన్నాడు. తానున్నది మాంట్రియల్ ఆపరేషన్ బల్ల మీదనే అని కూడా అతనికి పూర్తిగా తెలుసు. 14 ఏళ్ల అమ్మాయి ఒకతె. ఫిట్స్ వచ్చే ముందు ఆమెకు ప్రతిసారీ ఒకే దృశ్యం. ఏడేళ్లప్పుడు అన్నల వెనక గడ్డి మైదానంలో నడుస్తుంటే వెనకనుంచి ఒకడొచ్చి, పాములున్న సంచిలోకి వస్తావా అని అడిగాడు. నిజంగా జరిగినదే అది. తీగ తాకితే బల్ల మీద ఆ భయం మళ్లీ వచ్చింది. ఆ పిల్ల ఏళ్లుగా ఇంట్లో ఎవరికైనా చెప్పి ఉంటే ఏమనేవారు? మా ఊళ్లో అయితే దయ్యం పట్టిందనేవారు.

కెనడాలో పెద్దవాళ్లెవరిని అడిగినా పెన్‌ఫీల్డ్ పేరు వినగానే మాడిన రొట్టె వాసన అంటారు. 1991లో టీవీలో వచ్చిన ఒక్క నిమిషం చిత్రంలో రోగి ఆ వాసన వస్తోందని కేక వేస్తుంది. ఆ చిత్రం అల్లిన కథ. ఫిట్స్‌కు ముందు లేని వాసన తగలడం మాత్రం చాలామందికి నిజం.

ఈ అనుభవాలు చూసి పెన్‌ఫీల్డ్ ఒక మెట్టు ఎక్కువే ఎక్కాడనుకుంటాను. జీవితమంతా మెదడులో టేపులా నమోదై ఉంటుందని చెప్పాడు. కానీ 1963లో తానే ప్రకటించిన లెక్క చూడండి. 1,132 మంది రోగుల్లో ఆ భాగాన్ని తాకి చూసినది 520 మందికి. ఇలాంటి గతం కళ్లముందు కదిలినది 40 మందికి. టేపు మాట తరువాతి శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. రోగుల మాటలు మాత్రం అక్షరం మారకుండా నిలిచాయి.

అందరికీ మేలు జరగలేదు. ఒక ఇంజనీరుకు ఎడమ కణత భాగంలో రెండోసారి ఆపరేషన్ చేసి హిప్పోకాంపస్ అనే లోపలి భాగాన్ని తీశారు. 1951లో జరిగిందది. లేచాక కొత్తగా జరిగినదేదీ ఆయనకు గుర్తుండలేదు. నా జ్ఞాపకశక్తిని ఏం చేశారని ఆయన డాక్టర్లనే నిలదీశాడు. మాంచెస్టర్ నుంచి వచ్చిన బ్రెండా మిల్నర్ 1950 నుంచి ఇక్కడ రోగుల జ్ఞాపకశక్తి పరీక్షిస్తూ ఉండేది. ఆమె ఆ ఫిర్యాదును పట్టుకుని వదల్లేదు. అవతలి పక్క హిప్పోకాంపస్ అప్పటికే పాడయి ఉంటుందని ఆమె, పెన్‌ఫీల్డ్ ఊహించారు. 1964లో ఆయన చనిపోయాక పరీక్షిస్తే అదే నిజమయింది. ఇవాళ ఇలాంటి ఆపరేషన్‌కు ముందు రెండు పక్కలా జ్ఞాపకం ఎలా ఉందో చూస్తున్నారంటే అందులో ఆ ఇంజనీరు అడిగిన ప్రశ్నకు వాటా ఉంది. ఆయన చెల్లించిన ధర చాలా పెద్దది.

పెన్‌ఫీల్డ్ 1960 దాకా న్యూరో డైరెక్టర్‌గా ఉన్నాడు. 1976 ఏప్రిల్ 5న కన్నుమూశాడు. కొండ దిగువన ఒక వీధికి ఆయన పేరే పెట్టారు.

ఆ భవనంలో శిక్షణ పొందినవాళ్లలో కొట్టాయం ప్రాంతపు జేకబ్ చాండీ ఒకరు. తిరిగొచ్చి 1949లో వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో మెదడు, నరాల ఆపరేషన్ల విభాగం మొదలుపెట్టారు. మన దేశంలో ఈ విద్యకు అదే మొదలు. 1952లో అక్కడే పందొమ్మిదేళ్ల యువకుడికి ఫిట్స్ కోసం ఆపరేషన్ చేశారు. చిత్తూరు, తిరుపతి, నెల్లూరు వైపు జనానికి అది రాయవేలూరు. పెద్ద జబ్బు అనగానే నోట వచ్చే ఊరు. మా తాత కూడా చివరికి పిన్నిని అక్కడికే తీసుకెళ్లాడు, నేను తోడు.

అప్పటికామెకు 34 ఏళ్లు, పెళ్లి కాలేదు. హిందూ వివాహ చట్టంలో మూర్ఛను పిచ్చితో పాటు రాసి, దాన్ని పెళ్లికి అడ్డంకిగా పెట్టిన రోజులవి. ఆ మాటను చట్టంలోంచి తీసేసింది 1999లో. డాక్టరు తాతను కూర్చోమని చెప్పి, తెలుగు తెలిసిన నర్సును పక్కన నిలబెట్టుకుని, పిన్ని వైపు తిరిగాడు.

‘రాకముందు నీకేమనిపిస్తుందమ్మా?’

పిన్ని తాత వైపు చూసింది. ఆయన నోరు తెరవబోతే నర్సు చేత్తో వారించింది. చాలాసేపటికి పిన్ని చెప్పడం మొదలుపెట్టింది. డాక్టరు రాసుకుంటూ పోయాడు. ఆపరేషన్ అక్కర్లేదన్నాడు, మాత్రలు మార్చాడు. వచ్చిన ప్రతిసారీ ఏమనిపించిందో ఒక పుస్తకంలో రాసి తెమ్మన్నాడు. పిన్నికి రాయడం రాదు. బస్టాండు పక్కనే నలభై పేజీల నోటుబుక్కు కొని, ఆమె చెబుతుంటే నేనే రాసేవాణ్ణి. అది ఇప్పటికీ నా దగ్గరుంది. మొదటి పేజీలో తేదీ కింద నా పిల్లరాతలో ఇలా ఉంటుంది: ‘పొద్దున్నే. కడుపులోంచి గొంతుదాకా ఏదో ఎగదన్నింది. మన వసారా, గడప, నువ్వు, అన్నీ ముందెప్పుడో చూసినట్టే ఉండాయి నాయనా. భయమేసింది. నిన్ను పిలవాలనుకున్నా, పేరు రాలేదు.’