డిగ్రీ గడప దాటే వేళ: గోదావరి సీమ విద్యార్థులకు విశ్వవిద్యాలయ ద్వారాలు

డిగ్రీ చివరి సెమిస్టరు పరీక్షలు ముగిసే వేళకు పాలకొల్లు, నరసాపురం, భీమవరం పట్టణాలలోని ముస్లిం గృహాలలో ఒకే ప్రశ్న తలెత్తుతుంది: ఇక ఈ బిడ్డను ఏ దారిన పంపాలి? కుమారుడైతే దుకాణంలో కూర్చోబెట్టడమో, గల్ఫ్ ప్రయాణానికి పాస్‌పోర్టు సిద్ధం చేయడమో జరుగుతుంది. కుమార్తె అయితే సంబంధాలు చూడడం మొదలవుతుంది. కష్టపడి సంపాదించడంలో గాని, వివాహంలో గాని దోషమేమీ లేదు. అయితే మూడవ దారి ఒకటి ఉన్నదనీ, దానికి ఖర్చు పెట్టే స్తోమత లేనివారికి కూడా తలుపులు తెరిచే ఏర్పాట్లు ఉన్నాయనీ ఆ ఇంట్లో ఎవరూ పలకరు. తెలిసి పలకకపోవడం కాదు, తెలియకనే పలకరు. తెలిసేసరికి దరఖాస్తు గడువు దాటిపోయి ఉంటుంది. ఈ వ్యాసానికి పూనుకోవడానికి కారణం అదే.

మదరసాలో పాఠం చెప్పుకునే మాకు విశ్వవిద్యాలయాల సంగతి ఎందుకని కొందరు అడగవచ్చు. బద్ర్ యుద్ధంలో బందీలుగా చిక్కినవారిలో పరిహారం చెల్లించలేని అక్షరాస్యులు మదీనా పిల్లలకు పదేసి మందికి చదువు నేర్పి విడుదల పొందిన ఉదంతం మన పిల్లలందరికీ తెలుసు. నేర్పినవారు విశ్వాసులు కాదు, నేర్పినది అక్షరం. హిజ్రీ 459లో, అనగా క్రీ.శ. 1067లో, బగ్దాదులో నిజామియా ప్రారంభమైనప్పుడు విద్యార్థులకు వసతితో పాటు వజీఫా కూడా ఏర్పరచారు. కడుపు నిండితేనే మనసు గ్రంథం మీద నిలుస్తుందని ఆనాటి పెద్దలు గ్రహించారు. నేడు ఫెలోషిప్ అని పిలుస్తున్నది కూడా ఆ వజీఫా వంటిదే. చదువుకునేవారికి సమాజం తన నిధి నుంచి ఇచ్చే తోడ్పాటు అది. దానిని అందుకోవడం చేయి చాచడం కాదు.

మన ముంగిట ఉన్న విశ్వవిద్యాలయం

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం స్థాపితమైన నాటి నుంచి చాలా కాలం పాటు మన గోదావరి జిల్లాల పిల్లలకు విశ్వవిద్యాలయమంటే వాల్తేరే. 2006లో రాజమహేంద్రవరంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయ పీజీ కేంద్రమే ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయంగా రూపొందింది. దానికి నేడు రాజమహేంద్రవరంతో పాటు కాకినాడ, తాడేపల్లిగూడెంలలో కూడా ప్రాంగణాలు ఉన్నాయి. తాడేపల్లిగూడెం మన జిల్లాలోనే ఉంది. భీమవరం మీదుగా వెళ్ళి రావచ్చు. ఇంకా దగ్గరగా కావాలంటే భీమవరంలోని డి.ఎన్.ఆర్. కళాశాలలోనూ, నరసాపురంలోని వై.ఎన్. కళాశాలలోనూ పీజీ కోర్సులు నడుస్తున్నాయి. ఉదయం బయలుదేరి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు.

ఇంజనీరింగు చదివినవారికి కాకినాడలోని జె.ఎన్.టి.యు. గాని, 2015లో తాడేపల్లిగూడెంలో ఏర్పడిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ, అంటే నిట్ గాని అందుబాటులో ఉన్నాయి. గేట్ పరీక్షలో అర్హత సాధించి ఎం.టెక్.లో చేరిన పూర్తికాల విద్యార్థికి నెలకు 12,400 రూపాయల భృతి లభించే ఏర్పాటు ఉంది.

రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో పీజీ ప్రవేశానికి 2021 నుంచి ఒకే ఉమ్మడి పరీక్ష, ఏపీ పీజీసెట్, జరుగుతున్నది. ఇటీవలి సంవత్సరాలలో ఇది జూన్‌లో వచ్చింది. అంటే దరఖాస్తు పని అంతకు ముందే, డిగ్రీ పరీక్షల హడావుడిలోనే ముగించాలి. ఫలితాలు వచ్చాక చేరదామని కూర్చున్న బిడ్డకు ఆ ఏడు పోయినట్లే. పరీక్ష తరువాత ఆన్‌లైన్ కౌన్సెలింగులో కళాశాలలను వరుసగా ఎంచుకోవాలి. ఏది ముందు పెట్టాలన్నది కూడా ఆలోచించి చేయవలసిన పని.

ఇక్కడ ఒక హెచ్చరిక. 2020 డిసెంబరులో వెలువడిన జీవో 77 ప్రైవేటు కళాశాలల పీజీ విద్యార్థులకు ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను నిలిపివేసింది. ఎన్నో పేద కుటుంబాలు ఆ సంగతి చేరిన తరువాత తెలుసుకుని కుంగిపోయాయి. ఇటువంటి నిబంధనలు ప్రభుత్వాలతో పాటు మారుతుంటాయి. కనుక కౌన్సెలింగులో ఎంపికలు పెట్టకముందే ‘ఈ సంవత్సరం ఈ కోర్సుకు ఫీజు ఎవరు చెల్లిస్తారు?’ అని కళాశాల కార్యాలయంలో స్పష్టంగా అడగాలి. అడగడానికి సిగ్గుపడకూడదు.

‘మనకిక ఏమీ లేదు’ అన్న మాట

2009లో ప్రారంభమైన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్ ద్వారా అల్పసంఖ్యాక వర్గాల పరిశోధక విద్యార్థులు చాలామంది పీహెచ్‌డీ పూర్తి చేశారు. ఇతర పథకాలతో కలగలిసిపోతున్నదన్న కారణం చూపి 2022-23 నుంచి దానిని నిలిపివేస్తున్నట్లు కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో లోక్‌సభకు తెలిపింది. ఆ నిర్ణయం మన బిడ్డలకు నష్టమే. ఆ నష్టాన్ని చెప్పుకోవడం, చట్టబద్ధంగా విన్నవించుకోవడం మన హక్కు. కాని ఆ ఒక్క తలుపు మూసుకున్నదని ‘ఇక మనకేమీ లేదు’ అని ఇల్లిల్లూ అనుకోవడం దానికంటే పెద్ద నష్టం. అందరికీ తెరిచి ఉన్న తలుపుల ముందు మన పిల్లలు ఎందుకు తక్కువగా నిలబడుతున్నారో మనమే ఆలోచించాలి.

అట్టి తలుపులలో పెద్దది యూజీసీ నెట్. ఏటా రెండుసార్లు, జూన్, డిసెంబరు విడతలుగా జరిగే ఈ పరీక్షలో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, అంటే జేఆర్‌ఎఫ్ సాధించి పీహెచ్‌డీలో చేరినవారికి మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, ఆ తరువాత సీనియర్ ఫెలోగా 42,000 రూపాయలు చొప్పున చెల్లిస్తారు. 2023 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన మొత్తాలివి. దీనికి ఇంటి అద్దె భత్యం అదనం. మొత్తం అయిదేళ్ళ వరకు ఇది లభించవచ్చు. చిన్న దుకాణం నడిపే తండ్రి, నరసాపురం లేసు అల్లి నాలుగు రూపాయలు కూడబెట్టే తల్లి ఈ అంకెలను ఒకసారి నిదానంగా చదవాలని మా మనవి. పరిశోధన చేసే బిడ్డ ఇంటికి భారం కానక్కరలేదు.

ఈ పరీక్షలో రెండు పేపర్లు కలిపి 150 ప్రశ్నలు, 300 మార్కులు, మూడు గంటలు. తప్పు జవాబుకు మార్కులు కోయరు. ఆర్థికశాస్త్రం, వాణిజ్యం, తెలుగు మొదలైన వాటితో పాటు ఉర్దూ, అరబీ, అరబ్ సంస్కృతి–ఇస్లామీయ అధ్యయనాలు కూడా ఇందులో సబ్జెక్టులుగా ఉన్నాయి. పీజీలో 55 శాతం మార్కులు అవసరం. కేంద్ర జాబితాలోని ఓబీసీలకు, ఎస్సీ, ఎస్టీలకు 50 శాతం చాలు. పీజీ చివరి సంవత్సరం చదువుతుండగానే రాయవచ్చు. జేఆర్‌ఎఫ్‌కు వయఃపరిమితి 30 ఏళ్ళు. స్త్రీలకు అయిదేళ్ళ సడలింపు ఉంది. 2024 జూన్ విడత నుంచి నెట్ మార్కులే పీహెచ్‌డీ ప్రవేశానికి కూడా పనికివస్తున్నాయి. ఫెలోషిప్ రానివారు సైతం ఆ మార్కులతో ప్రవేశానికి పోటీ పడవచ్చు. వారికి పరీక్షకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం విలువ ఉంటుంది.

పీజీ మొదటి సంవత్సరంలో చేరినవారికి యూజీసీ జాతీయ పీజీ ఉపకారవేతనం మరొకటి ఉంది. దేశవ్యాప్తంగా 10,000 మందికి, నెలకు 15,000 రూపాయలు, ఏడాదికి పది నెలలు. ఇందులో 30 శాతం స్త్రీలకు కేటాయించారు. డిగ్రీ మార్కులే కొలమానం గనుక డిగ్రీలో పొందే ప్రతి మార్కుకూ విలువ ఉన్నదని పిల్లలకు ముందుగానే చెప్పాలి.

ధ్రువపత్రం దగ్గర తడబాటు

మన పిల్లలు తరచుగా నష్టపోయే చోటు ఇది. రాష్ట్రంలో 2007 నుంచి వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషను అమలులో ఉంది. దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలు బీసీ-బీ కిందికి వస్తాయి. పీజీసెట్ వంటి రాష్ట్ర ప్రవేశాలకు ఈ పత్రాలు చెల్లుతాయి. కాని నెట్ వంటి కేంద్ర పరీక్షలకు కేంద్ర ప్రభుత్వపు ఓబీసీ జాబితా వేరు. రాష్ట్రంలో బీసీ-ఈ అయినంత మాత్రాన కేంద్రంలో ఓబీసీ అయిపోరు. ఆ తేడా తెలియక ఫారం నింపితే, మార్కులు వచ్చినా పత్రాల పరిశీలనలో అవకాశం చేజారుతుంది. తమ వర్గం పేరు కేంద్ర జాబితాలో ఉందో లేదో ముందే సరిచూసుకుని, ఉంటే కేంద్ర నమూనాలోనే నాన్ క్రీమీలేయర్ పత్రం తీసుకోవాలి. పదవ తరగతి పత్రంలోనూ, ఆధార్‌లోనూ పేరు ఒకే విధంగా ఉండాలి. ఒకచోట ‘షేక్’ ముందూ, మరొకచోట వెనుకా ఉంటే దరఖాస్తు వేళ ఎన్ని అవస్థలు పడాలో అనుభవించినవారికే తెలుసు. ఆ దిద్దుబాటు సెలవులలోనే చేయించుకోవాలి.

కూతుళ్ళ సంగతి

డిగ్రీ మంచి మార్కులతో పూర్తి చేసిన కుమార్తె గురించి ఒక తండ్రి మమ్మల్ని అడిగారు: “మౌలానా సాబ్, అమ్మాయిని అంత దూరం ఎలా పంపమంటారు? రేపు సంబంధం కుదిరితే మధ్యలో మాన్పించాలి కదా?” ఆ భయం వెనుక ప్రేమ ఉంది. దానిని తేలికగా కొట్టివేయడం మాకు తగదు. కాని జవాబు కూడా ఉంది. దూరమే అడ్డయితే నరసాపురం, భీమవరం కళాశాలలు ఉన్నాయి. విశ్వవిద్యాలయ ప్రాంగణంలో చేరితే అమ్మాయిలకు వేరుగా వసతిగృహం ఉంది. తల్లిదండ్రులు స్వయంగా వెళ్ళి చూసి, వార్డెనుతో మాట్లాడి, మనసు కుదుటపడ్డాకే నిర్ణయించుకోవచ్చు.

వివాహం విషయానికి వస్తే, 2022 నవంబరులో వెలువడిన యూజీసీ పీహెచ్‌డీ నిబంధనలు స్త్రీలకు అనుకూలంగా ఉన్నాయి. పీహెచ్‌డీకి ఉన్న గరిష్ఠ కాలపరిమితిపై స్త్రీలకు మరో రెండేళ్ళ సడలింపు, ప్రసూతి లేదా శిశు సంరక్షణ కోసం 240 రోజుల వరకు సెలవు అందులో ఉన్నాయి. ఉద్యోగం చేసుకుంటూ పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేసే వీలు కూడా ఉంది. కనుక నిఖా అయితే చదువు ఆగిపోవాలన్న నియమం ఎక్కడా లేదు. మాట ఖాయం చేసుకునే రోజునే ‘అమ్మాయి చదువు కొనసాగుతుంది’ అన్న షరతును ఇరువైపుల పెద్దలు ఒప్పుకుంటే చాలు. నిఖా సమయంలో ఇటువంటి షరతు పెట్టుకోవడం ధర్మానికి విరుద్ధం కాదు. కట్నం కోసం కూడబెట్టే సొమ్ములో కొంత ఆమె పుస్తకాలకూ, హాస్టలుకూ ఖర్చు చేయడం ఎంతో శ్రేయస్కరం.

మదరసా నుంచి వచ్చినవారికి

ఆలిమ్, ఫాజిల్ పూర్తి చేసిన యువకులు ఇమామత్ తప్ప వేరే దారి లేదని భావించనక్కరలేదు. 1998లో హైదరాబాదులో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం తన జాబితాలోని మదరసాల పత్రాలను ప్రవేశానికి గుర్తిస్తుంది. మీ మదరసా పేరు అందులో ఉన్నదో లేదో, ఏ పత్రాన్ని ఏ స్థాయికి సమానంగా చూస్తారో సరిచూసుకోవాలి. జాబితాలో లేని పత్రంతో వెళితే నిరాశే మిగులుతుంది. కర్నూలులో 2016లో ఏర్పడిన డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉర్దూ విశ్వవిద్యాలయం మన రాష్ట్రంలోనిదే. 1918 నాటి ఉస్మానియాలో అరబీ, ఉర్దూ, ఇస్లామీయ అధ్యయన శాఖలు ఉన్నాయి. అక్కడి దాయిరతుల్ మఆరిఫ్ 1888 నుంచి అరబీ ప్రాచీన గ్రంథాలను పరిష్కరించి ప్రచురిస్తున్న సంస్థ. సర్ఫ్, నహూ కంఠస్థమైన మన విద్యార్థికి అరబీలో నెట్ రాయడానికి పునాది సగం పడినట్లే. మిగిలినది డిగ్రీ, పీజీ పత్రాలు, మొదటి పేపరుకు కావలసిన ఇంగ్లిషు, లెక్కల సాధన.

ఇంటికీ, మసీదుకూ ఉన్న పని

ఇదంతా గుర్తుంచుకోవడం ఒక్క విద్యార్థి వల్ల అయ్యే పని కాదు. ప్రతి ఇంట్లో గోడ క్యాలెండరు మీద నమాజు వేళల పక్కనే పీజీసెట్, నెట్ దరఖాస్తు తేదీలు కూడా రాసి ఉంచాలి. మసీదు నోటీసు బోర్డు మీద చందాల వివరాలతో పాటు ఈ నెల ముగిసే దరఖాస్తుల జాబితా కూడా ఉండాలి. జుమా తరువాత రెండు నిమిషాలు దానిని చదివి వినిపిస్తే చాలు. పీజీ, పీహెచ్‌డీ చేస్తున్న మన యువతీయువకులు సెలవులలో ఊరికి వచ్చినప్పుడు డిగ్రీ పిల్లలతో కూర్చుని ఫారాలు నింపించడం వారి బాధ్యత. యువకులు మసీదు ఆవరణలోనూ, యువతులు ఇళ్ళలోనూ ఆ పని చేయవచ్చు. దేశంలోని విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు శోధగంగ అనే భాండారంలో ఉచితంగా చదువుకోవడానికి ఉన్నాయి. పరిశోధన అంటే ఏమిటో పాలకొల్లులో కూర్చునే చూసుకోవచ్చు.

తెలిసిన సంగతి కూడా అమానత్ వంటిదే. అందవలసినవారికి సకాలంలో అందకపోతే దానిని కాపాడినట్లు కాదు. ఇది చదివిన ప్రతి పాఠకుడూ, పాఠకురాలూ తమ వీధిలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్న ఒక్క బిడ్డను గుర్తుచేసుకుని ఈ తేదీల సంగతి ఈ వారంలోనే చెప్పండి. అల్లాహ్ మన బిడ్డలకు మేలుచేసే విద్యనూ, దానిని పంచే మనసునూ ప్రసాదించుగాక. ఆమీన్.