పట్టున్న టైరు, పట్టు తప్పని ఎంపిక

2023 అక్టోబరు నెలలో ఒక శనివారం. మా అబ్బాయి తాను కూడబెట్టుకొన్న సొమ్ముతో కొనుక్కొన్న పాత మాజ్డా మియాటా కారులో మేమిద్దరం ఒహాయో రాష్ట్రంలోని లెక్సింగ్టన్ సమీపాన గల మిడ్-ఒహాయో రేసు ట్రాక్‌కు వెళ్లాం. ఈ ట్రాక్ 1962 నాటిది. సొంత కారును వేగంగా, క్షేమంగా నడపడం నేర్చుకోదలచిన సామాన్యులకు ఇటువంటి చోట్ల కొన్ని రోజులు కేటాయిస్తారు. వీటినే ట్రాక్ డేలు అంటారు. ఆనాడు ఎండ బాగా కాసింది. ప్రతి మలుపులోనూ మావాడి కారు నేలకు అతికించినట్లు తిరుగుతూ ఉంటే, కంచె అవతల నిలబడి నేనూ మురిసిపోయాను.

తిరుగు ప్రయాణంలో చీకటి పడింది, వాన మొదలైంది. బయటి ఉష్ణోగ్రత 6 డిగ్రీల సెల్సియస్‌కు దిగింది. ఫ్రీవే నుండి దిగే వంపులో, ఏమంత వేగం లేకుండానే, కారు వెనుక భాగం జారి సగం చుట్టు తిరిగి పక్కనున్న గడ్డిలో ఆగింది. దైవానుగ్రహం వల్ల వెనుక ఏ వాహనమూ రాలేదు, ఎవరికీ దెబ్బ తగలలేదు. కొంతసేపటికి మావాడు, “నాన్నా, మధ్యాహ్నం అంత గట్టిగా పట్టుకొన్న టైర్లు ఇవే కదా! ఇప్పుడేమైంది వీటికి?” అని అడిగాడు.

నేను వృత్తిరీత్యా పాలిమర్ రసాయన శాస్త్రజ్ఞుణ్ణి. ఆ ప్రశ్నకు జవాబు అతడు టైర్లు కొనక ముందే చెప్పి ఉండవలసినవాణ్ణి. చెప్పలేదు. ఆ లోటు తీర్చుకొనే ప్రయత్నమే ఈ వ్యాసం. ఈ దేశంలో పెరిగిన మన పిల్లలలో కార్లపై మక్కువ గలవారు చాలామందే ఉన్నారు కనుక ఇతర తల్లిదండ్రులకూ ఇది ఉపకరించగలదని ఆశ.

పట్టు ఎక్కడి నుండి వస్తుంది?

ఒక్కొక్క టైరు నేలను తాకే మేర సుమారు మన అరచేయంత మాత్రమే. టన్ను బరువు గల కారును మలుపులో నిలిపేవి ఆ నాలుగు అరచేతులే. అక్కడ రెండు రకాల క్రియలు జరుగుతాయి. మొదటిది, రబ్బరు అణువులకూ రోడ్డు ఉపరితలానికీ మధ్య ఏర్పడే ఆకర్షణ. నేల పొడిగా, శుభ్రంగా ఉన్నప్పుడే ఇది బలంగా ఉంటుంది. మధ్యలో నీటిపొర చేరితే చాలావరకు నశిస్తుంది. రెండవది, రబ్బరు రోడ్డులోని గరుకుదనంలోకి ఒదిగి, నలిగి, తిరిగి లేవడం. అలా లేచేటప్పుడు తాను తీసుకొన్న శక్తిని అది పూర్తిగా తిరిగి ఇవ్వదు. కొంత వేడిగా మార్చివేస్తుంది. ఈ నష్టమే మనకు పట్టు రూపంలో లాభిస్తుంది. తడి రోడ్డుపై మనలను ప్రధానంగా కాపాడేది ఈ రెండవ క్రియయే.

అయితే రబ్బరు అలా ఒదగాలంటే దాని పొడవాటి అణుమాలికలు కదలగలగాలి. వాటి కదలిక ఉష్ణోగ్రతపై ఆధారపడి ఉంటుంది.

బెల్లం పాకం చెప్పే పాఠం

అరిసెలకు పాకం పట్టేటప్పుడు మన అమ్మలు ఒక చుక్కను చన్నీళ్లలో వేసి చూసేవారు. వేడిగా ఉన్నప్పుడు తీగలా సాగే పాకం, చల్లారేకొద్దీ మెత్తని ఉండవుతుంది. ముదిరిన పాకమైతే చల్లారగానే గాజులా పెళుసై, ‘టక్’మని విరుగుతుంది. పదార్థం అదే. ఉష్ణోగ్రత మారడంతో దాని స్వభావమే మారిపోయింది. రసాయన శాస్త్రంలో దీనినే గాజుస్థితికి మారడం అంటారు.

రబ్బరుకూ ఇటువంటి ఉష్ణోగ్రత ఒకటి ఉంది. సహజ రబ్బరుకు అది సున్నాకు దిగువన 70 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. టైర్లలో విరివిగా వాడే స్టైరీన్-బ్యుటడైయీన్ రబ్బరులో స్టైరీన్ పాలు పెంచేకొద్దీ ఆ ఉష్ణోగ్రత పైకి జరుగుతుంది. ట్రాక్ టైర్లు తయారుచేసేవారు దానిని ఉద్దేశపూర్వకంగానే పైకి జరుపుతారు. అప్పుడు రబ్బరు వేడెక్కిన తరువాత ఎక్కువ శక్తిని పీల్చుకొని గట్టి పట్టునిస్తుంది.

ఇక్కడ మరొక సూక్ష్మం ఉంది. వేగంగా దొర్లే టైరును రోడ్డు గరుకులు సెకనుకు వేల, లక్షల సార్లు తాకుతాయి. అంత త్వరితంగా నొక్కినప్పుడు రబ్బరు, తన అసలు ఉష్ణోగ్రతకంటే ఎంతో చల్లగా ఉన్నట్లు ప్రవర్తిస్తుంది. అందుచేత 6 డిగ్రీల చలిలో వేలితో నొక్కితే కొంత మెత్తగానే తోచే టైరు, రోడ్డుకు మాత్రం ముదురుపాకంలా బిరుసుగా తగులుతుంది. మావాడి ప్రశ్నకు ఇదే మొదటి జవాబు. మధ్యాహ్నం ఆ టైర్లు వేడెక్కి ఉన్నాయి, రాత్రి చల్లబడి ఉన్నాయి.

సాధారణ టైర్ల విషయంలో ఈ చిక్కును తగ్గించడానికి సిలికా ఎంతో తోడ్పడింది. మసికి బదులుగా సిలికాను ఎక్కువ పాళ్లలో కలిపిన టైర్లను 1992లో మిషెలిన్ సంస్థ విపణిలోకి తెచ్చింది. తడిలో పట్టు తగ్గకుండానే ఇంధనం ఆదా అయ్యే మార్గం అప్పటి నుండి విస్తరించింది.

టైరు గోడపై రాతలు

అమెరికాలో అమ్మే ప్రయాణికుల కార్ల వేసవి టైర్లపై ట్రెడ్‌వేర్ అనే అంకె ఉంటుంది. టెక్సాస్‌లోని శాన్ యాంజెలో పరిసరాలలో 400 మైళ్ల మార్గంపై మొత్తం 7,200 మైళ్లు నడిపి, అరుగుదలను ప్రామాణిక టైరుతో పోల్చి ఈ అంకెను నిర్ణయిస్తారు. అంకె తగ్గేకొద్దీ త్వరగా అరుగుతుందని అర్థం. సాధారణంగా పట్టు కూడా ఎక్కువని ఊహించవచ్చు. కాని అంకెను వేసుకొనేది తయారీదారులే కనుక, రెండు సంస్థల అంకెలు సమానమైనంత మాత్రాన టైర్లు సమానం కావు.

దాని పక్కన ఏఏ, ఏ, బీ, సీ అనే అక్షరాలు తడి నేలపై పట్టును సూచిస్తాయి. అయితే ఆ పరీక్ష తిన్నగా వెళ్తూ బ్రేకు వేసినప్పటిదే. మలుపుల గురించి గాని, నీటిపై తేలిపోవడం గురించి గాని అది ఏమీ చెప్పదు.

అన్నింటికంటే ముఖ్యమైనవి డీఓటీ అనే అక్షరాల వరుస చివరనున్న నాలుగు అంకెలు. మొదటి రెండూ వారాన్ని, తరువాతి రెండూ సంవత్సరాన్ని తెలుపుతాయి. ఆ రాత్రి టార్చిలైటు వేసి చూస్తే మా టైరుపై 3516 అని ఉంది. అంటే 2016వ సంవత్సరం 35వ వారంలో తయారైనది. మావాడు చవకగా వస్తున్నాయని పాత ట్రాక్ టైర్లు కొన్నాడు. కాలంతోను, పదే పదే వేడెక్కి చల్లారడంతోను రబ్బరులోని గంధకపు బంధాలు పెరిగి అది గట్టిపడుతుంది. పైగా వాటి గాళ్లు బాగా అరిగిపోయి ఉన్నాయి. నీరు తప్పుకొనే దారి లేదు. చలి, వయసు, నీరు - మూడూ ఒకే వంపులో కలిశాయి.

ఎవరికి ఏ టైరు?

వారాంతంలో నడుపుతూ, ఏడాదికి రెండు మూడు సార్లు ట్రాక్‌కు వెళ్లే కారుకు మూడు తరగతుల టైర్లున్నాయి.

మొదటి తరగతి, ట్రెడ్‌వేర్ 300 ప్రాంతంలో ఉండే వేసవి టైర్లు. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్ ఇటువంటిది. లోతైన గాళ్లుంటాయి. వానలోనూ నమ్మదగినవి. ట్రాక్‌పై ఎక్కువసేపు పరుగెత్తిస్తే మాత్రం మితిమీరి వేడెక్కుతాయి.

రెండవ తరగతి, 200 అంకె గలవి. అనేక ఔత్సాహిక పోటీల నిబంధనలు 200ను కనీస అంకెగా పెట్టడం వల్ల తయారీదారులు ఇక్కడ పోటీ పడుతున్నారు. వీటిలో యొకొహామా అడ్వాన్ ఎ052 త్వరగా వేడెక్కి గొప్ప పట్టునిస్తుంది, అంత త్వరగానూ అరుగుతుంది. హాంకూక్ వెంటస్ ఆర్ఎస్4 పట్టులో కొంత తగ్గినా చాలాకాలం మన్నుతుంది.

మూడవ తరగతి, 100, అంతకు తక్కువ అంకె గలవి. చట్టం రోడ్డుపై అనుమతించినా, వీటిని వేరే చక్రాలకు బిగించి ట్రాక్‌కు తీసుకొనిపోయి అక్కడే మార్చుకోవడం ఉత్తమం.

ఏ తరగతివైనా ఇటువంటి వేసవి టైర్లు సుమారు 7 డిగ్రీలకు దిగువన పనికిరావు. ఇక సున్నాకు దిగువన 7 డిగ్రీల చలిలో కారును కదిలిస్తే కొన్నింటి రబ్బరు పగిలే ప్రమాదమూ ఉంది. బరువు, వేగాల సూచికలు కారు తయారీదారు చెప్పినదానికి తగ్గకుండా చూసుకోవాలి.

గాలి లెక్క కూడా మరువరాదు. 20 డిగ్రీల వద్ద చదరపు అంగుళానికి 30 పౌండ్లు నింపిన టైరులోని గాలి 70 డిగ్రీలకు వేడెక్కితే, వాయు నియమం ప్రకారం పీడనం దాదాపు 37.6 పౌండ్లు అవుతుంది. అందుచేత ట్రాక్ నుండి రాగానే కొలిచి సరిచేసుకోవాలి. ఇంటికి బయలుదేరే ముందు, టైర్లు చల్లారిన తరువాత తిరిగి నింపుకోవాలి.

ఎక్కువ పట్టు అంటే ఎక్కువ క్షేమమా?

మావాడు అలాగే అనుకొన్నాడు. కాని ఒక చిన్న లెక్క చూడండి. మలుపులో సాధ్యమయ్యే గరిష్ఠ వేగం యొక్క వర్గం పట్టుకు అనులోమంగా ఉంటుంది. పట్టు 10 శాతం పెరిగితే వేగం పెరిగేది సుమారు 5 శాతమే. కాని కారులోని గతిజశక్తి సరిగ్గా 10 శాతం పెరుగుతుంది. అంటే టైరు ఎంత అదనపు పట్టునిస్తుందో, అంచున పట్టు తప్పిననాడు కంచెకు తగిలే శక్తీ అంతే అదనం. పైగా సాధారణ టైరు ముందుగా కీచుమని అరిచి, మెల్లగా జారుతూ హెచ్చరిస్తుంది. ట్రాక్ టైర్లలో చాలావరకు చివరిదాకా మౌనంగా ఉండి ఒక్కసారిగా వదిలివేస్తాయి. నేర్చుకొనేవాడికి కావలసింది హెచ్చరించే గురువు.

2024 వసంతంలో మేమిద్దరం కలిసి 300 అంకె గల కొత్త టైర్లు కొన్నాం. “వీటితో నేను అందరికంటే వెనుకబడతాను” అని మావాడు గొణిగాడు. ఆ వేసవి చివరికి అతడి చేతులు స్టీరింగుపై కుదురుగా నిలవడం గమనించాను. మరుసటి ఏడాది 200 తరగతి టైర్లను తానే ఎంచుకొని, విడి చక్రాలకు బిగించుకొన్నాడు. కొనే ముందు నాలుగు అంకెలనూ తానే చదివాడు. ఇంటికి వచ్చేటప్పుడు పాత చక్రాలనే తిరిగి ఎక్కిస్తున్నాడు.

మీ ఇంటిలోనూ ఇటువంటి ఉత్సాహవంతులుంటే, వద్దని వారించకండి. అలాగని డబ్బు ఇచ్చి ఊరుకోకండి. ఒక సాయంత్రం టార్చిలైటు తీసుకొని, వారితో కలిసి టైరు పక్కన కూర్చోండి. ట్రాక్‌పై గడిచేది గంట, రెండు గంటలు. అక్కడి నుండి ఇంటికి చేరవలసిన దారి ఎప్పుడూ అంతకంటే పొడవైనది. ఆ దారిని దృష్టిలో ఉంచుకొనే టైరును ఎంచుకోవాలి.