రేడియేషన్ చికిత్స – విలంబిత ప్రభావాలు: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
క్యాన్సర్‌కు రేడియేషన్ చికిత్స పొందినవారిలో కొందరికి ఏళ్లు గడిచిన తరువాత ఆ చికిత్స కారణంగానే కొత్త కణితులు, గుండె జబ్బులు, గ్రంథుల లోపాలు తలెత్తుతాయి. వీటిని విలంబిత ప్రభావాలు అనవచ్చు. ఇవి కలిగే తీరును, వీటిని గుర్తించిన క్రమాన్ని హాడ్జ్‌కిన్ లింఫోమా చికిత్సాచరిత్ర ఆధారంగా వివరించడం, చికిత్స వివరాలను జీవితాంతం భద్రపరచుకోవలసిన అవసరాన్ని తెలియజేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: రేడియేషన్, విలంబిత ప్రభావం, రెండో క్యాన్సర్, హాడ్జ్‌కిన్ లింఫోమా, చికిత్సాపత్రం.

1. ఉపోద్ఘాతం:
తెలుగువారి వాడుకలో రేడియేషన్ చికిత్సను ‘కరెంటు పెట్టడం’ అనడం తరచుగా వినిపిస్తుంది. తెలియని విషయాన్ని తెలిసిన మాటతో చెప్పుకొనే సహజ ధోరణి ఇది. అయితే ఈ మాటలో ఒక అపోహకు చోటుంది. మీట నొక్కితే కరెంటు ఆగిపోతుంది, దాని పని అంతటితో ముగుస్తుంది. బయటి యంత్రం నుంచి ఇచ్చే రేడియేషన్ కూడా శరీరంలో నిలిచి ఉండదు కనుక ఆ మేరకు పోలిక సరైనదే. కాని కిరణాలు కణాలలో తెచ్చిన మార్పు మాత్రం నిలిచిపోవచ్చు. ‘చికిత్స ముగిసింది’, ‘ప్రభావం ముగిసింది’ అన్నవి రెండు వేర్వేరు వాక్యాలు. ఈ భేదమే ప్రస్తుత వ్యాసానికి ఆధారం.

2. ప్రభావం కలిగే తీరు:
రేడియేషన్ కణంలోని డి.ఎన్.ఏ. పోగులను తెంచుతుంది. క్యాన్సర్ కణాలు ఈ నష్టాన్ని సరిగా పూడ్చుకోలేక నశిస్తాయి. పరిసరాలలోని ఆరోగ్యకరమైన కణాలు చాలావరకు కోలుకుంటాయి. చర్మం కమలడం, నోరు పూయడం వంటి తక్షణ ప్రభావాలు కొన్ని వారాలలో తగ్గడానికి కారణం ఇదే.

విలంబిత ప్రభావాలు ప్రధానంగా రెండు మార్గాలలో కలుగుతాయి. సన్నని రక్తనాళాలు దెబ్బతిని, కణజాలం క్రమంగా గట్టిపడి, అవయవం పనితీరు తగ్గడం మొదటిది. తెగిన డి.ఎన్.ఏ. తప్పుగా అతుక్కొని, ఆ దోషంతోనే కణం బతికి, కాలక్రమంలో కణితిగా మారడం రెండవది. ఇలా వచ్చే రక్తక్యాన్సర్లు సాధారణంగా మొదటి పదేళ్ల లోపు కనిపిస్తాయి. గట్టి కణితులు ఎక్కువగా పదేళ్లు దాటిన తరువాత బయటపడతాయి.

3. కార్యకారణ నిర్ణయం:
ఎక్స్ కిరణాల వల్ల చర్మక్యాన్సర్ వచ్చినట్లు 1902లోనే నమోదైంది. అయితే ఒక కణితికి పాత చికిత్సే కారణమని నిర్ధారించడం ఎలా? 1948లో కాహన్, ఆయన సహచరులు రేడియేషన్ పొందిన ఎముకలలో పుట్టిన 11 సార్కోమాలను పరిశీలించి ప్రమాణాలను సూచించారు. కొత్త కణితి రేడియేషన్ తగిలిన చోటే పుట్టాలి. చికిత్సకూ కణితికీ నడుమ ఏ లక్షణాలూ లేని దీర్ఘవ్యవధి ఉండాలి. అది మొదటి వ్యాధికి భిన్నమైనదని సూక్ష్మదర్శిని పరీక్షలో తేలాలి. తరువాతివారు కొన్ని సవరణలు చేసినా ఈ ప్రమాణాల సారం నేటికీ నిలిచి ఉంది.

4. హాడ్జ్‌కిన్ లింఫోమా – ఒక నిదర్శనం:
ఒకప్పుడు ప్రాణాంతకమైన ఈ వ్యాధిని నయం చేయవచ్చని నిరూపించినవారిలో స్టాన్‌ఫర్డ్ వైద్యుడు హెన్రీ కప్లాన్ ముఖ్యుడు. మెడ, చంకలు, ఛాతీ మధ్యభాగం అన్నీ కలిసేలా, ఉత్తరీయం కప్పినట్లుగా, సుమారు 40 గ్రేల మోతాదులో రేడియేషన్ ఇచ్చేవారు. రోగులలో యువతీయువకులు ఎక్కువ. వారు బతికారు. బతికినందువల్లనే విలంబిత ప్రభావాలు లోకానికి తెలిశాయి.

బాల్యంలో ఈ వ్యాధి వచ్చిన 1,380 మందిని పరిశీలించి 1996లో ప్రచురించిన అధ్యయనం, వారిలోని ఆడపిల్లలకు రొమ్ము క్యాన్సర్ ముప్పు సాధారణ జనాభాతో పోలిస్తే సుమారు 75 రెట్లు ఉన్నట్లు తెలిపింది. ఎదుగుతున్న కణజాలం రేడియేషన్‌కు సులభంగా లోనవుతుంది కనుక చిన్న వయసులో చికిత్స పొందినవారికి పెద్దవారికంటే ముప్పు ఎక్కువ.

గుండె విషయం కూడా గమనించదగినది. రొమ్ము క్యాన్సర్‌కు రేడియేషన్ పొందిన స్వీడన్, డెన్మార్క్ మహిళలపై 2013లో వెలువడిన పరిశోధన ప్రకారం, గుండెకు చేరిన సగటు మోతాదు ఒక్కో గ్రే పెరిగినకొద్దీ తీవ్రమైన హృద్రోగ ముప్పు 7.4 శాతం చొప్పున పెరిగింది.

ఈ అనుభవం చికిత్సనే మార్చింది. తొలిదశలో, అనుకూల లక్షణాలున్న హాడ్జ్‌కిన్ రోగులకు స్వల్ప కీమోథెరపీతో పాటు 20 గ్రేలు చాలునని జర్మన్ పరిశోధకులు 2010లో నిరూపించారు. నేడు వ్యాధి సోకిన భాగానికే పరిమితం చేసి కిరణాలను పంపుతున్నారు.

5. సమతుల్య దృష్టి:
ఈ వివరాలు రేడియేషన్‌ను తిరస్కరించడానికి ఆధారం కారాదు. అమెరికాలో వయోజనులపై జరిగిన ఒక విస్తృత అధ్యయనం (2011) రెండోసారి వచ్చిన గట్టి క్యాన్సర్లలో సుమారు 8 శాతం మాత్రమే రేడియేషన్‌కు ఆపాదించదగినవని అంచనా వేసింది. మిగిలినవాటికి వయసు, పొగాకు, వంశపారంపర్యం వంటి ఇతర కారణాలుంటాయి. మొదటి క్యాన్సర్‌కు చికిత్స మానుకోవడం వల్ల కలిగే ప్రమాదం సాధారణంగా ఇంతకంటే చాలా పెద్దది. కావలసింది భయం కాదు, ఎరుక.

6. చికిత్సాపత్రం అవసరం:
బాల్యంలోనో యవ్వనంలోనో ఛాతీకి రేడియేషన్ పొందిన స్త్రీలు చికిత్స జరిగిన 8 ఏళ్లకు గాని, 25వ ఏట గాని, ఏది తరువాత వస్తే అప్పటి నుంచి ఏటా రొమ్ము పరీక్షలు చేయించుకోవాలని అమెరికా బాల క్యాన్సర్ వైద్యుల మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. మెడకు రేడియేషన్ పొందినవారికి థైరాయిడ్ పరీక్షలు అవసరం. పొగాకు వాడకం వల్ల నోటి క్యాన్సర్ ఎక్కువగా ఉన్న మన దేశంలో మరో జాగ్రత్త ముఖ్యం. దవడకు రేడియేషన్ పొందినవారికి ఏళ్ల తరువాత పన్ను పీకినా ఎముక మానక కుళ్లే ప్రమాదం ఉంది. కనుక దంతవైద్యునికి పాత చికిత్స సంగతి ముందే చెప్పాలి.

అయితే చెప్పవలసిన రోగికి గుర్తున్నది ‘చిన్నప్పుడు కరెంటు పెట్టారు’ అన్న ఒక్క మాటే అయితే వైద్యునికి అది చాలదు. ఏ భాగానికి, ఎన్ని గ్రేలు, ఎన్ని విడతలు, ఏ సంవత్సరంలో అన్న నాలుగు వివరాలు కావాలి. ఇవి తెలుగులో ఒక పుటలో రాసి ఇస్తే రోగి వద్ద, కుటుంబం వద్ద మిగులుతాయి.

7. ముగింపు:
విలంబిత ప్రభావాలు చికిత్స వైఫల్యానికి గుర్తులు కావు. రోగి దీర్ఘకాలం జీవించడం వల్ల బయటపడిన సత్యాలు. కణం తన గాయాన్ని దశాబ్దాల పాటు మోయగలదు. రోగికి, వైద్యునికి ఆ జ్ఞాపకం అంతకాలం నిలవాలంటే అది స్పష్టమైన భాషలో నమోదై ఉండాలి. ఈ పనిలో వైద్యశాస్త్రంతో పాటు తెలుగు భాషాబోధకులకూ బాధ్యత ఉంది.